పదకొండు సెకన్లు

మామిడితోటలో బోరు మోటారు కాలిపోతే రైతు మొహం ఎట్లా మారిపోతుందో నిస్సార్‌కు కొత్త కాదు. "పిందె రాలిపోతాదప్పా, రేపటికి ఇచ్చెయ్యి, నీకు పుణ్యముంటాది" అని సుబ్బన్న మూడోసారి బతిమాలాడు. నిస్సార్ మూత విప్పి, లోపలి మాడు వాసన ఒకసారి పీల్చి, "ఎల్లుండి పొద్దున" అన్నాడు. అతని నోట ఎల్లుండి అంటే ఎల్లుండే. చిత్తూరులో వైండింగ్ షాపులు ఎన్ని ఉన్నా, కాలిన మోటార్లు ముందు ఈ కొట్టు గడపే తొక్కేది అందుకే.

సుబ్బన్న వెళ్లాక పనిలో పడ్డాడు. ఉలితో పాత కాయిళ్ల తలలు కొట్టేశాడు. మాడిపోయిన రాగితీగను గాడుల్లోంచి కొక్కెంతో లాగాడు. గాడులను ఇనుప బ్రష్షుతో తోమి, కొత్త కాగితం మడిచి దోపాడు. ఇక తీగ చుట్టడమే. చెక్క అచ్చుకున్న పిడిని కుడిచేత్తో తిప్పుతుంటే తీగ ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి జారుతూ పోతుంది. ఈ మోటారుకు కాయిల్‌కు ఎనభై నాలుగు చుట్లు. లెక్క తప్పితే మోటారు నెల తిరక్కుండా మళ్లీ కాలుతుంది. అందుకని అందరూ అచ్చుకు చుట్లు లెక్కపెట్టే మీటరు బిగించుకున్నారు. నిస్సార్ బిగించుకోలేదు. అతను లోలోపల ఒక పాట నడుపుకుంటూ ఏడేసి చుట్లుగా లెక్కపెడతాడు. ఏడు దెబ్బల తాళం పన్నెండుసార్లు తిరిగితే ఎనభై నాలుగు. పక్క కొట్లవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వారు, ఇంతవరకూ ఒక్క చుట్టు తేడా వచ్చింది లేదు.

తాళం తొమ్మిదోసారి తిరుగుతుండగా ఫోన్ మోగింది.

"అబ్బా నిస్సార్, నిలబడుండావా కూర్చోనుండావా?" జయచంద్ర గొంతు. అతను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు సూపర్‌వైజరు. వెనకాల గిన్నెల మోత వినిపిస్తోంది. "నిలబడుంటే కూర్చో. పంకజాక్షి దొరికిందప్పా!"

పిడి ఆగిపోయింది. "యాడ?"

"మద్రాసులోనే! బళ్లో పిల్లోళ్లకు కీబోర్డు నేర్పిస్తా ఉందంట. ముప్పై నాలుగేండ్లుగా మనం లోకమంతా ఎతుకుతా ఉంటే ఆయమ్మ నాలుగు గంటల దూరంలో ఉండాది సూడు. శనివారం తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వస్తా ఉందంట. గిరిప్రసాద్ సార్ పరిస్థితి చెప్పినా. ఇంటికొచ్చి చూస్తానన్నింది. టేపు వినిపిస్తారా అని ఆయమ్మే అడిగిందబ్బా. ఆయమ్మే!"

జయచంద్ర ఏడుస్తున్నాడు. యాభై ఏడేళ్ల మనిషి, ఇడ్లీ పాత్రల మధ్య నిలబడి.

"మంచిదే" అన్నాడు నిస్సార్. ఫోన్ పెట్టేసి చూసుకుంటే చుట్లు ఎన్నయ్యాయో గుర్తు లేదు. తీగంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

పంకజాక్షి ఎవరో ఈ ప్రాంతంలో ఒక నలభై మందికి తెలుసు. తక్కిన లోకానికి అక్కర్లేదు. ఆకాశంలో తోకచుక్క కనబడిన ఏడాది, పుత్తూరు నుంచి మద్రాసుకు చదువుకోను పోయిన నలుగురు కలిసి 'తోకచుక్క' అనే పేరుతోనే ఒక బ్యాండు పెట్టారు. రెండు గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డు మీద పంకజాక్షి. సినిమా పాటలు వాయించమంటే వాయించరు. వాళ్ల పాటలకు పల్లవి ఉండదు, తాళం మధ్యలో మూడుసార్లు మారుతుంది, ఒక్కో పాట అరగంట దాకా సాగుతుంది. రాక్ అంటే గంతులని అనుకొని వచ్చినవాళ్లు పది నిమిషాలకే లేచిపోయేవాళ్లు. లేవకుండా కూర్చున్నవాళ్లు మటుకు ఇక ఈ జన్మలో లేవలేదు. ఆ కూర్చున్నవాళ్లే ఈ నలభై మంది.

బ్యాండు ఐదేళ్లు నడిచింది, రెండు క్యాసెట్లు వేసింది, ఆగిపోయింది. వాళ్ల పాటల్లోకెల్లా గొప్పదైన 'ఇసకలో ఏరు' ఆ క్యాసెట్లలో లేదు. ఇరవై మూడు నిమిషాల ఆ పాటను తొంభై ఒకటి ఆగస్టులో చిత్తూరు కాలేజీ గ్రౌండులో ఒకే ఒక్కసారి వాయించారు. అది ఇవాళ బతికుందంటే నిస్సార్ చలవ. ఆ రోజు మైక్‌సెట్ నిస్సార్ తండ్రి ఇమాంసాహెబ్‌ది. మిక్సర్ పక్కన టేప్‌రికార్డరు పెట్టి పాటను పట్టుకున్నది ఇరవయ్యేళ్ల నిస్సార్.

ఆ టేపులో పధ్నాలుగో నిమిషం దగ్గర ఏరు ఎండిపోతుంది. వాయిద్యాలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒక్కపెట్టున ఆగిపోతాయి. పదకొండు సెకన్లు ఏమీ వినబడదు. తర్వాత మళ్లీ డ్రమ్ము అందుకుంటుంది. అభిమానులకు ఆ పదకొండు సెకన్లే గర్భగుడి. ఏటా ఆగస్టు మూడో ఆదివారం తిరుపతిలో గిరిప్రసాద్ మేష్టారింట్లో చేరి టేపు పెట్టుకుంటారు. ఆ చోటు రాగానే అందరూ కళ్లు మూసుకుంటారు. ఆ పాట నెట్‌లో పెట్టకూడదని మేష్టారి కట్టడి. వినాలంటే వచ్చి, చెప్పులు విడిచి, కూర్చోవలసిందే. ఆ మౌనం మీద వాళ్లు వ్యాసాలు రాసుకున్నారు, తగువులాడుకున్నారు. పలమనేరు ఆయన ఒకడు చేతిమీద పదకొండు అంకె పచ్చబొట్టు పొడిపించుకున్నాడు.

అక్కడ మౌనమే లేదని నిస్సార్ ఒక్కడికే తెలుసు. ఆ ఏడు దెబ్బల తాళానికి ఒళ్లు మరిచి, కాలు ఆడిస్తూ ఆడిస్తూ అతను వైరు తొక్కాడు. మిక్సర్ నుంచి టేప్‌రికార్డరుకు వచ్చే పిన్ను ఊడి కింద పడింది. స్టేజీ మీద పాట నడుస్తూనే ఉంది, టేపులోకి రావడం ఆగిపోయింది. అతను బల్ల కిందికి దూరి, తడిమి తడిమి పిన్ను పట్టుకొని మళ్లీ దోపేసరికి పదకొండు సెకన్లు. పాట తలకెక్కని మామూలు మైకువాడు ఎవడైనా ఆ తప్పు చేసేవాడు కాదు.

మొదట తండ్రి చేతి దెబ్బలకు భయపడి చెప్పలేదు. గ్రౌండులో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారని రెండేళ్లు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత గిరిప్రసాద్ మేష్టారు ఆ టేపు విన్నాడు. ఇక చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

*

మేష్టారి ఇల్లు అలిపిరికి పోయే దారిలో ఒక సందులో. మరుసటి రోజు మధ్యాహ్నం టేప్‌రికార్డరును తువ్వాలులో చుట్టుకొని నిస్సార్ బస్సు దిగాడు. దారి పొడవునా ఒకటే అనుకుంటూ వచ్చాడు. ఈ పొద్దు చెప్పెయ్యాలి. పంకజాక్షి నోటి నుంచి వినడంకంటే నా నోటి నుంచి వినడం మేలు.

తలుపు తీసిన మేష్టారి భార్య యశోదమ్మ, "ఎండన పడొచ్చినావే నిస్సారూ" అని మంచినీళ్లు ఇచ్చి, గొంతు తగ్గించింది. "ఆయమ్మ వస్తా ఉందని తెలిసినకాడ్నుంచి మడిసి నిలవడంలేదు. రెండు దినాలుగా గంజి గూడా మింగనాయన నిన్న ఇడ్లీ అడిగి తిన్న్యాడు. నాకు సంతోషమూ, దిగులూ."

గిరిప్రసాద్ మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. ముక్కు కింద గొట్టం, పక్కన గాలి మిషను. ఊపిరితిత్తులు మూడొంతులు పోయాయని చెప్పి ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. ముప్ఫయ్యేళ్లు బళ్లో డ్రాయింగు మేష్టారుగా పనిచేసిన చేతులు దుప్పటి మీద ఊరికే ఉండలేక ఏదో గీస్తున్నట్టు కదులుతున్నాయి.

"వచ్చినావా. హెడ్డు తుడువప్పా ముందు" అన్నాడు. "పోయిన ఆగస్టులో చివర్న కొంచెం గరగరమన్నింది."

నిస్సార్ నేలమీద కూర్చొని మూత తీశాడు. పుల్లకు దూది చుట్టి, స్పిరిటులో ముంచి, టేపు ఆనుకునే చోట మెల్లగా రుద్దాడు. దూదికి గోధుమరంగు అంటింది. ఇంకో దూది చుట్టాడు. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు తుడిచాడు. ఆ పని అయిపోతే నోరు విప్పాలి.

"సార్, ఆ టేపు గురించి..."

"ఉండు. నేను చెప్తా ముందు. ఊపిరి ఉండంగానే చెప్పాల." మేష్టారు రెండుసార్లు గాలి లాగాడు. "ఆయమ్మను నేను ఒక్కటే అడగాల. అంతా ఆపేసినారు గదా, ఆపినప్పుడు, మళ్లా మొదలవుతాదని వాళ్లకు తెలుసునా? అదొక్కటే."

యశోదమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

"మా జాహ్నవి పోయినాక ఏడాది నేను ఏడవలేదు. నువ్వు సూసినావు గదా నన్ను. బిడ్డకు తొమ్మిదేండ్లు. నాలుగు దినాల జరం. ఒక్క చుక్క రాలేదు కంట్లోంచి. ఆ టేపులో ఆ తావు వచ్చినప్పుడు ఏడ్చినా." మళ్లీ గాలి లాగాడు. "వచ్చినోళ్లందరూ, పోతే పోయిందిలే, దేవుడు ఇంకో బిడ్డనిస్తాడులే అన్న్యారు. ఈ బ్యాండోళ్లొక్కరే గమ్మునుండినారు నా కోసరం. నాకు తెలీకుండా నా పక్కన కూర్చున్నట్టు. గమ్మునుండి, మళ్లా డ్రమ్ము కొట్టినారు. అప్పుడు నేను లేసి మొహం కడుక్కున్న్యా."

నిస్సార్ మూత బిగించాడు. మర ఒకటి చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది. దాన్ని వెతికే నెపంతో చాలాసేపు కిందికి వంగి ఉండిపోయాడు.

"నువ్వేందో అంటా ఉండావే?"

"ఏం లేద్సార్. టేపు బాగుండాది. భయం లేదు."

"యశోదా" అని మేష్టారు గొంతు పెంచడానికి చూశాడు. "నా తెల్లచొక్కా ఇస్త్రీకి పంపించు. శనివారానికి."

*

ఇల్లు చేరేసరికి భార్య సుభాన్‌బీ గడపలో కూర్చొని చింతచిగురు ఏరుతోంది. నిస్సార్ ఎదురుగా కూర్చొని మొత్తం చెప్పేశాడు. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అంటే ఆడ ఏమీ లేదా?"

"పాటుండాది. నేనే పోగొట్టినా."

"నేను ఆ తావు వస్తే మిక్సీ గూడా ఆపేసేదాన్ని కదయ్యా!" అంది సుభాన్‌బీ. "నా బిడ్డలను నోరు మూయించి కూర్చోబెట్టినా. నువ్వు కండ్లు మూసుకుంటే, పాపం ఎంత భక్తో అనుకుంటి. పిన్ను ఊడిపోయిన దానికా ఇదంతా!"

ఇంకో సమయంలో అయితే నవ్వేవాడే. మొహం చూసి ఆమె కూడా తగ్గింది. చిగురు చేట పక్కకు నెట్టింది.

"ఆయమ్మ వస్తే తెలిసిపోతాది గదా."

"తెలిసిపోతాది. పాట ఆయమ్మదే. అట్లేమీ ఆపలేదే మేము, అంటాది. సార్ ఎదురుగానే అంటాది. ఆ మాట విన్నాక ఆయన ఎన్ని దినాలుంటాడు?"

"నువ్వు దాని కోసమే భయపడతా ఉండావా, నీ పేరు పోతాదనా?"

నలభై మందిలో అతనికొక పీట ఉంది. టేపు తెచ్చేది అతను, మీట నొక్కేది అతను. చిత్తూరులో మోటార్లు చుట్టే నిస్సార్‌ను తిరుపతిలో లెక్చరర్లు లేచి నిలబడి పలకరిస్తారు. ఆ గౌరవం మీద ఆశ లేదంటే అబద్ధమే అవుతుంది.

"రెండూ" అన్నాడు.

"అయితే ఆయమ్మ ఇంట్లో కాలు పెట్టకముందే పోయి కలువు. ఉన్నదున్నట్టు చెప్పు. పోయే ప్రాణానికి ఆ ఒక్క మాటా వదిలెయ్యమని అడుగు. ఆడమనిషి గదా, అర్థం చేసుకుంటాది. తర్వాత సంగతి అల్లా చూస్తాడు."

*

శనివారం పొద్దున తిరుచానూరులో పూలవాళ్ల వరస దాటి, జయచంద్ర చెప్పిన లాడ్జీ మెట్ల దగ్గర నిస్సార్ నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్లలోని వార్నిష్ మటుకు ఎంత తోమినా పోలేదు. అనవలసిన మాటలు బస్సులోనే వరసగా పేర్చుకున్నాడు.

దర్శనం చేసుకొని వచ్చిన పంకజాక్షి పొట్టిగా, సన్నగా ఉంది. నేత చీర, నెరిసిన జడ, నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం. పోస్టర్‌లో చూసిన ఇరవై నాలుగేళ్ల పిల్ల కోసం అతని కళ్లు ఒక్క క్షణం వెతికాయి. తర్వాత వేళ్లు చూసి పోల్చుకున్నాడు. పొట్లం పట్టుకున్న వేళ్లు కూడా మీటల మీద ఉన్నట్టే వంగి ఉన్నాయి.

"మైక్‌సెట్ ఇమాంసాహెబ్ కొడుకునమ్మా. నిస్సార్."

"టేపు పట్టింది మీరేనా?" ఆమె పొట్లం చంకలో ఇరికించుకొని అతని రెండు చేతులూ పట్టుకుంది. నడివీధిలో, పూలమ్మేవాళ్లంతా చూస్తుండగా. "మీరు బాగుండాల."

ఆటో ఎక్కారు. నిస్సార్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇంటికి పోయేలోపల మీకొక మాట చెప్పాల."

"నేనూ చెప్పాల మీకు. ఎందుకొస్తా ఉన్న్యానో మీకు తెలిస్తేనే బాగుంటాది. నన్ను చెప్పనీండి, లేకుంటే ఆడికి పోయినాక ఏడుస్తా." ఆమె బయటికి చూస్తూ మాట్లాడింది. "డ్రమ్ము వాయించేవాడు మునికృష్ణ. మా తమ్ముడు."

"తెలుసమ్మా."

"వాడు ఎప్పుడూ పాడలేదు. గొంతు బండ. నోరు తెరిస్తే మా గిటారు పిల్లోళ్లు ఎక్కిరించేవాళ్లు. ఆ దినం చిత్తూరుకు వస్తా ఉంటే వ్యానులో ఏదో గీకినాడు, బస్సు టిక్కెట్టు వెనకాల. అక్కా, పధ్నాలుగో నిమిషంలో మీరంతా తగ్గండి, నేను ఒక మాట పాడతా అన్న్యాడు. చూపించరా అంటే చూపించలేదు. సరేలే, ఒక్కసారి పాడుకోనీ అనుకున్నాం."

ఆటో రైల్వే గేటు దగ్గర ఆగింది. ఆమె ఆగలేదు.

"పాడినాడు. నోరు కదలడం చూసినా. స్టేజీ మింద నా కీబోర్డే నాకు వినిపించేది కాదు, వాడి మాట ఏం వినిపిస్తాది? కిందికి దిగినాక, ఏం పాడినావురా అని అడిగినా. నవ్వినాడు. మైకాయన టేపు పట్టినాడక్కా, దాంట్లో వినుకోపో అన్న్యాడు. నాలుగో దినం వ్యాను బోల్తా పడింది. వాడొక్కడే పోయినాడు. టిక్కెట్టు వాడి జేబులోనే ఉండిందేమో, ఆ చొక్కా ఎవురూ తెచ్చివ్వలేదు నాకు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత నేను ఆ పక్కకే రాలేదు. అప్పటి కీబోర్డు ఎవురికో ఇచ్చేసినా. టేపు ఎప్పుడో పోయుంటాది అనుకున్నా. మొన్న మీ జయచంద్ర ఫోన్ చేసి, టేపు ఉండాదమ్మా, ఏటా వింటా ఉండామమ్మా అంటే... నా తమ్ముడి గొంతు నలభై మంది ఏటేటా వింటా ఉండారు, నేను తప్ప. మూడు రాత్రులు నిద్ర లేదు."

గేటు లేచింది. ఆటో కదిలింది.

"ఇప్పుడు చెప్పండి. మీరేదో అంటా ఉండారే."

పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ కూలిపోయాయి. ఇన్నేళ్లూ నిస్సార్ భయపడింది ఒక అబద్ధం బయటపడుతుందని. అందులో ఒక మనిషి గొంతు పూడి ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది. ఇదిగో ఇక్కడ, ఈ ఆటోలో చెప్పెయ్యాలి. చెప్పాలని నోరు తెరిచాడు కూడా. ఆమె కళ్లల్లో ఉన్న ఆత్రం చూసి సిగ్గులేని నోరు ఇంకేదో అంది.

"గతుకులెక్కువమ్మా ఈ దావలో. సంచి పట్టుకోండి."

*

మేష్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని కూర్చున్నాడు. జయచంద్ర శాలువా తెచ్చి, కప్పి, కాళ్ల మీద పడి, లేచి, మళ్లీ పడబోతే పంకజాక్షి ఆపింది. యశోదమ్మ కాఫీ ఇచ్చింది. ఈ ఇంట్లో టేపుకు ముందు మాట్లాడే అలవాటు లేదు.

నిస్సార్ మీట నొక్కాడు.

జనం గోల, ఎవరో ఈల వెయ్యడం, ఒక గిటారు శ్రుతి చూసుకోవడం. తర్వాత ఆమె కీబోర్డు, సన్నగా, అడుగులో అడుగుగా. పంకజాక్షి తలవంచుకొని విన్నది. డ్రమ్ము వచ్చినప్పుడు ఆమె మోకాలి మీద ఒక వేలు మాత్రం లేచింది. ఏడు దెబ్బలు. మళ్లీ ఏడు. ఎనిమిదో నిమిషంలో తాళం మారే చోట తమ్ముడు ఏదో చిన్న పొరపాటు చేసి సర్దుకుంటే, ఆమె నవ్వింది. ముప్పై నాలుగేళ్లుగా విన్నవాళ్లెవరూ అది పొరపాటని కనిపెట్టలేదు.

పదమూడో నిమిషం దాటాక ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. టేప్‌రికార్డరు వైపు వంగింది. గిటార్లు ఒకటొకటిగా తగ్గాయి. కీబోర్డు ఒక్క స్వరం మీద నిలిచింది.

ఆగిపోయింది.

మేష్టారు కళ్లు మూసుకున్నాడు. జయచంద్ర, యశోదమ్మ మూసుకున్నారు. నిస్సార్ మూసుకోలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి అతను ఆ పదకొండు సెకన్లనూ కళ్లు తెరిచి భరించాడు. ఎదురుగా పంకజాక్షి మొదట వింటూ ఉంది. తర్వాత వెతికింది. ఇంకా కొంచెం ముందుకు వంగి, చెవి పెట్టెకు ఆనించేంత దగ్గరికి వచ్చింది. అప్పుడు తల ఎత్తి నిస్సార్‌ను చూసింది. అతను చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ చూపులో కోపం లేదు. పిల్లవాడు తప్పిపోయిన తల్లి జాతరలో అందరి మొహాలూ చూసే చూపు అది.

టేపులో చప్పట్లు మొదలయ్యాయి. వాటి మీదుగా డ్రమ్ము అందుకుంది.

మేష్టారి మూసిన కళ్ల నుంచి నీళ్లు గొట్టం మీదుగా గడ్డానికి జారుతున్నాయి. పంకజాక్షి అటు తిరిగి ఆయన్ను చూసింది. పాట అయ్యేవరకూ ఇక ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. తొమ్మిది నిమిషాలు.

మీట టక్కున లేచింది. మేష్టారు కళ్లు తెరిచాడు.

"ఒక్కటే అడుగుతానమ్మా" అన్నాడు. "ఆడ, అంతా ఆపినప్పుడు... మళ్లా మొదలవుతాదని మీకు తెలుసునా?"

పంకజాక్షి కుర్చీని మంచం దగ్గరికి జరుపుకొని ఆయన చెయ్యి పట్టుకుంది.

"తెలీదు సార్. మొదలుపెట్టాల్సింది మా తమ్ముడు. వాడు మొదలుపెడతాడని నమ్మి మేమంతా ఊరకుండినాం."

"నమ్మి" అన్నాడు మేష్టారు.

"నమ్మి, సార్."

ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. కాసేపటికి ఆ చెయ్యి ఆమె చేతిలో ఉండగానే నిద్రపోయాడు. ఎన్నో రోజుల తర్వాత మంచి నిద్ర అని యశోదమ్మ చెవిలో చెప్పింది.

*

పంకజాక్షి వసారాలోకి వచ్చి చెప్పులు వేసుకోకుండానే మెట్టు మీద కూర్చుంది. నిస్సార్ వచ్చి రెండు మెట్ల కింద నిలబడ్డాడు. కొండ ఎక్కబోయే యాత్రికుల గుంపొకటి గోవిందలు కొడుతూ సందు చివర నుంచి పోయింది. వాళ్లు పోయేదాకా ఆమె ఆగింది.

"ఆ గ్రౌండులో మూడు వేల మంది ఉండినారు" అంది. "ఒక్క దగ్గు లేదు. ఒక్క బిడ్డ ఏడుపు లేదు. జనం గమ్మునుంటే అట్లా ఉండదు. వైరు ఊడిపోయింది గదా?"

"పిన్ను, అమ్మా. మిక్సర్ నుంచి వచ్చేది. నా కాలు తగిలింది." ఆ తర్వాత దాచాల్సింది ఏమీ మిగల్లేదు గనుక మొత్తం చెప్పాడు. "మీ తమ్ముడి తాళమే, అమ్మా. కాలు నిలవలేదు. ముప్పై నాలుగేండ్లు ఎవురికీ చెప్పలేదు. పాపిష్టోణ్ని. ఆటోలో చెప్పాలని వచ్చినా, నోరు రాలేదు."

ఆమె తిడుతుందని చూశాడు. తిడితే బాగుండుననీ చూశాడు. ఆమె మెట్టు మీద ఇంకొంచెం పక్కకు జరిగింది, అతను కూర్చోవడానికి. అతను కూర్చోలేదు.

"సరే, టేపు పోయింది" అంది నెమ్మదిగా. "మీరు ఆడనే ఉండినారు గదా. స్పీకర్లు జనం పక్కకే తిరిగి ఉండినాయి. మీకు వినిపించి ఉంటాది. వాడేం పాడినాడు?"

ఈ ప్రశ్న వస్తుందని నిస్సార్ అనుకోలేదు. ఒక్క క్షణం, ఏదో ఒకటి చెబుదామా అనిపించింది. ఏరు గురించి ఒక మాట, అక్క గురించి ఒక మాట. ఇందాక లోపల ఆమె మేష్టారికి ఇచ్చినట్టే ఆమెకూ ఒకటి ఇవ్వవచ్చు. కాని ఆమె అడుగుతున్నది తమ్ముడి మాట. దాన్ని కూడా తాను పుట్టించి ఇస్తే ఆ పిల్లవాణ్ని రెండోసారి చంపినట్టే.

"నేను విన్లేదమ్మా" అన్నాడు. "బల్ల కింద ఉండినా. పిన్ను ఎతుకుతా ఉండినా. మా నాయన తంతాడనే తప్ప నా చెవుల్లో ఏమీ పడలేదు. లేసేతలికి చప్పట్లు కొడతా ఉండారు."

"చప్పట్లు" అంది ఆమె. "అయితే బాగానే పాడినాడు."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు చేయకుండా, లోపల నిద్రపోతున్న మనిషికి వినిపించకుండా. నిస్సార్ గోడను పట్టుకొని నిలబడ్డాడు.

జయచంద్ర లోపల్నుంచి వచ్చి ఆమె కన్నీళ్లు చూసి చెయ్యెత్తి దండం పెట్టాడు. "మాకూ ఇంతే మేడం. ఆ తావు వింటే ఎవురికైనా ఇంతే."

ఆమె కళ్లు తుడుచుకొని అతన్ని చూసింది. చూపులో ఏదో ఆశ మళ్లీ మెదిలింది. "మీరు ఆ దినం చిత్తూరు గ్రౌండులో ఉండినారా?"

"ముందు వరసలో మేడం! కాలేజీ ఎగ్గొట్టి పొద్దున్నుంచే కూర్చోనుండినా."

"అయితే మీకు తెలుస్తాది. ఆ తావులో, గిటార్లు తగ్గినాక, మీకు ఏం వినిపించింది? బాగా గుర్తు తెచ్చుకొని చెప్పండి."

జయచంద్ర గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "గుర్తు తెచ్చుకునేది ఏముంది మేడం, ఇప్పటికీ చెవుల్లోనే ఉండాది. ఏమీ వినిపించలేదు. గాలి గూడా ఆగిపోయింది. మూడు వేల మంది, చీమ కదల్లేదు."

నిస్సార్ ఒక మెట్టు పైకి ఎక్కాడు. "లేదు జయచంద్రా. ఆడ పాటుండాది. మునికృష్ణ పాడినాడు. టేపు పిన్ను ఊడిపోయింది, నా వల్ల."

ఇన్నేళ్లు మోసిన మాట. నోట్లోంచి వచ్చేటప్పుడు ఏ బరువూ లేకుండా వచ్చింది. జయచంద్ర అతని వంక జాలిగా చూసి నవ్వాడు.

"ఏమబ్బా, రెండు దినాలుగా నిద్ర లేదా నీకు? నువ్వు మిక్సర్ కాడ పని చేసుకుంటా ఉండినావు. నేను ముందు వరసలో ఉండినా. నువ్వు నాకు చెప్తావా?"

"నేను చెప్పేది నిజమప్పా. మా అమ్మ మింద ఒట్టు."

"గమ్మునుండు, మేడం ముందర" అన్నాడు జయచంద్ర. ఆ గొంతులో కోపం కూడా చేరింది. దేవుణ్ని ఏదో అన్నట్టు.

పంకజాక్షి లేచి నిలబడింది. "ముందు వరసలో అయితే మా తమ్ముడు బాగా కనపడుంటాడు" అంది. గొంతు చాలా జాగ్రత్తగా ఉంది. "వినపడకపోతే పోనీలెండి. నోరు కదలడం చూసుంటారు గదా? ఒక్క మాటన్నా పెదవుల్లో తెలిసుంటాది. ఒక్క మాట."

జయచంద్ర తల అడ్డంగా ఊపాడు. ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న సంగతి తెలియకపోవడం అతనికి వింతగానే ఉంది.

"ఎట్లా చూస్తా మేడం? ఆ తావులో అందరం కండ్లు మూసుకోనుంటిమి గదా."

ఆమె సరేనన్నట్టు తల ఊపింది. కొంగు సరిచేసుకొని, చెప్పులు వేసుకుంది. బస్టాండుకు ఒక ఆటో పిలవమని నిస్సార్‌ను అడిగింది.